పది నిమిషాలు ముందున్న గడియారం

ఆ రోజుల్లో నాకు గడియారం కనబడితే చాలు, ఒళ్లు మండేది. మొదటి ఉద్యోగం, ఆరు నెలల ప్రొబేషన్, అందులో ఐదున్నర నెలలు అప్పటికే కరిగిపోయాయి. కంపెనీ హైదరాబాద్‌ది అయినా నేను మాత్రం సిరిసిల్లలో మా ఇంట్లోనే, పక్క షెడ్డులో బాపు, అంటే మా నాన్న, నడిపే సాంచెల (మరమగ్గాలను మేం అలాగే అంటాం) చప్పుడు మధ్య కూర్చుని పనిచేసేదాన్ని. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నటించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం నా నెత్తిన పడింది. ఆ లేని కంప్యూటర్‌కు నాలుగు లేని ప్రాసెసర్లు. నాలుగింటికీ టైం ఒక్కటే ఉండాలి. ఒకసారి ఆపి మళ్లీ నడిపిస్తే మాత్రం నాలుగూ నాలుగు టైములు చెప్పేవి. ఒకదాని దగ్గర మొదలైన పని ఇంకోదాని దగ్గరికి వెళ్లేసరికి, తాను మొదలుకాకముందే అయిపోయినట్టు తేలేది. పాపం, ఏం చేయాలో తెలియక అక్కడే ఆగిపోయేది. ఇది సరిచేస్తేనే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే (ఉన్నదే ఇంట్లో కాబట్టి ఎక్కడికి పంపిస్తారన్నది వేరే సంగతి). మా బాపమ్మకు, అంటే బాపు వాళ్లమ్మకు, ఇదంతా విడమరిచి చెబితే, "లేనిదానికి టైం ఎందుకే బిడ్డా? ఉన్న మనకే సాల్తలేదు" అంది.

నా చిరాకులో సగం మా హాల్లో గడియారం మీదకు మళ్లింది. బస్సులు తప్పిపోకుండా బాపు ఎప్పుడో దాన్ని పది నిమిషాలు ముందుకు జరిపాడు. జరిపినవాడు జరిపితే చూసేవాళ్లు ఊరుకుంటారా? అమ్మ దాన్ని చూసి పది నిమిషాలు తీసేస్తుంది. బాపు ఏడే తీసేస్తాడు ("గడియారంల సెల్లు పాతదైంది, మూడు నిమిషాలు ఎనుకవడ్డది" అని ఆయన వాదన). నేను పన్నెండు తీసేస్తాను (పైన రెండూ నా బద్ధకానివి). బాపమ్మ ఒక్కతే ఏమీ తీయదు, గడియారం ఎంతంటే అంత. అందుకే ఎక్కడికి వెళ్లాలన్నా అందరికంటే ముందు తయారై, సంచీ ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది. మేం నవ్వుతాం. ఎంతైందని అడిగితే మా ఇంట్లో నాలుగు జవాబులు వస్తాయి. రోజంతా ప్రాసెసర్లతో వేగి హాల్లోకి వస్తే ఇక్కడా అదే గోల.

ఆ వారం మా టీం లీడు సారు కోరుట్లలో అత్తగారింటికి వచ్చారు. ఫోన్ చేసి, "రేపు పదింటికి కోరుట్ల రామ్మా, నీ ప్రోగ్రాం ఎదురుగా చూస్తా. పదకొండుకు నేను వెళ్లిపోతా, మళ్లీ దొరకను" అన్నారు. ఆ సాయంత్రం ప్రోగ్రాంలో అసలు గడియారాన్ని, అంటే నాలుగు ప్రాసెసర్లూ చూసుకునే గడియారాన్ని, పక్కాగా సరిచేశాను. అయినా నాలుగూ ఎవరి దారి వాళ్లదే. ఉక్రోషం పట్టలేక కుర్చీ ఎక్కి, హాల్లో గడియారాన్ని ఫోను టైముకు కలిపేశాను. కనీసం ఇదైనా నా మాట వింది అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు (ముందు నాకు నేనే చెప్పుకోవాల్సింది).

పొద్దున ఏడింటికి బస్సు. గడియారం ఆరూ యాభై చూపిస్తుంటే నేను అలవాటుగా పన్నెండు తీసేసి, ఇంకో దోశ వేయమన్నాను. ఫోను నా సంచీలో ఉంది, ఆ సంచీ గుమ్మంలో బాపమ్మ ఒళ్లో ఉంది.

"లే బిడ్డా, బస్సు పోతది."

"ఇంక మస్తు టైమున్నది బాపమ్మా."

"గా గడియారం ముందుంటది గదత్తమ్మా" అని అమ్మ కూడా వంటింట్లోంచి నవ్వింది.

గడియారంలో సరిగ్గా ఏడుకు బాపు బండి తీశాడు. ఆయన లెక్కలో ఇంకా ఏడు నిమిషాలున్నాయి. బస్టాండుకు చేరేసరికి బస్సు లేదు. ఫోను తీస్తే ఏడూ ఐదు. నా ఘనకార్యం అప్పుడు గుర్తొచ్చింది.

"బాపూ, నిన్న గడియారం నేనే సరిచేసిన."

బాపు బండి తిప్పాడు. "మంచిగున్నదాన్ని సరిచేసినవా? ఎక్కు. ఎములాడల కొద్దిసేపు ఆగుతది, అందుకుందాం."

వేములవాడ దాకా బండి వెనక కూర్చున్నాను గానీ నా ప్రాణం నా దగ్గర లేదు. ఉద్యోగం పోతే అందరికీ ఏం చెప్పాలి? గడియారం తప్పిందని చెప్పడానికీ లేదు, ఎందుకంటే ఆ ఒక్కరోజే అది కరెక్టుగా ఉంది. తప్పింది మేం. దాన్ని సరిచేసినా మా తలల్లో ఎవరి పాత తేడా వాళ్లకు అలాగే మిగిలింది. ఏ తేడా లేని బాపమ్మ ఒక్కతే సరైన టైం చెప్పింది. అక్కడ నాకు ఝల్లుమంది. నా ప్రాసెసర్లు చేస్తున్నదీ ఇదే కదా! అసలు గడియారాన్ని దిద్దాను కానీ, ఒక్కొక్కటీ దాచుకున్న పాత తేడాలను తుడవలేదు.

"బాపూ, దొరికింది!" అని ఆయన వీపు మీద చరిచాను.

"ఏదే బస్సు?" అని బాపు ఠక్కున బ్రేకు వేశాడు.

అసలు బస్సు వేములవాడలో కదలబోతుండగా దొరికింది. సీట్లో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, కుదుపు కుదుపుకూ ఒక అక్షరం తప్పు కొడుతూ, నాలుగు తేడాలనూ తుడిచి అన్నింటికీ ఒకటే పెట్టాను. కోరుట్లలో సారు అత్తగారింటి వరండాలో లేని కంప్యూటర్‌ను ఆపాను, మళ్లీ నడిపాను. నాలుగూ ఒకే టైం చెప్పాయి. "ఇంకోసారి" అన్నారు సారు. మళ్లీ ఒకే టైం.

"నిన్నటిదాకా రాలేదుగా, ఎలా పట్టుకున్నావ్?"

"మా బాపమ్మను చూసి సార్."

"సరే, పర్మనెంట్ అయ్యాక తీరిగ్గా చెప్పు" అన్నారాయన. ఆ మాటలో మొదటి సగమే నా చెవికెక్కింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బాపు గడియారాన్ని మళ్లీ పది నిమిషాలు ముందుకు జరిపేశాడు. "నేను జెప్తె నవ్విన్రు గదా" అని బాపమ్మ వారం రోజులు మమ్మల్ని దెప్పింది.

బాపమ్మ ఇప్పుడు లేదు. నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను, కొత్తగా చేరినవాళ్లకు ప్రాసెసర్ల టైం గురించి పాఠాలు చెప్పేది నేనే. నా గదిలో గడియారం ఫోనుతో పక్కాగా కలిసి ఉంటుంది. అయినా రోజూ పొద్దున దాన్ని చూసి పన్నెండు నిమిషాలు తీసేస్తాను, వారానికోసారి కంపెనీ బస్సు అందుకోలేకపోతాను. తాళం వేసి పరుగెత్తేటప్పుడు, లే బిడ్డా అని ఎవరైనా గుమ్మంలోంచి అంటే బాగుండుననిపిస్తుంది. ఆ తేడాను తుడిచేయడం నాకు తెలియని పనేం కాదు. తుడవబుద్ధి కాదు, అంతే.