నూటపది వోల్టుల చిత్రిక

ఒక శుక్రవారం సాయంత్రం 6 గంటల 42 నిమిషాలకు, న్యూ టౌన్‌లోని మా పదకొండో అంతస్తు ఫ్లాటులో కూర్చుని, ఈ నగరంలోని తెలుగువాళ్ళ ఫోన్ గ్రూపులో తొమ్మిది వరుసల సందేశం పెట్టాను. గ్రూపులో అప్పటికి 214 మంది ఉన్నారు. నేను కూర్చున్న కుర్చీకీ, ఆ సందేశం ఎవరిని గురించో ఆ మనిషి దుకాణానికీ మధ్య దూరం 19.4 కిలోమీటర్లు. రెండు ఫోటోలు, నాలుగు కొలతలు జతచేశాను: 0.75, 0.52, 15,000, 7,100. ఖిదిర్‌పూర్ రేవు దగ్గర మోటార్లకు తీగ చుట్టే తెలుగాయన రాగి దొంగిలిస్తాడని ఆ తొమ్మిది వరుసల సారాంశం. ఆయన దుకాణానికి బోర్డు లేదు. ఊళ్ళ నుంచి తెచ్చుకున్న పిండి గ్రైండర్లు చెడిపోయినప్పుడు మావాళ్ళు ఆయనను వెతుక్కుంటూ వెళ్ళేది ఈ గ్రూపులో ఒకరు చెప్పిన మంచి మాట మీదనే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అక్కడ పెట్టాను.

నా వృత్తి కొలత పరికరాలను సరిచూడటం. కంపెనీ పని మీద తైవాన్‌లో నాలుగేళ్ళు ఉన్నప్పుడు, అక్కడి రేవు పట్టణంలో ఒక ఆదివారపు సంతలో చెక్కను నునుపు చేసే, కరెంటుతో నడిచే చిత్రికను కొన్నాను. దాని వయసు నా వయసుకు మూడేళ్ళు తక్కువ. బరువు 8.6 కిలోలు, బ్లేడు వెడల్పు 155 మిల్లీమీటర్లు. మన దగ్గర అంగట్లో దొరికేవాటి వెడల్పు 82. భవానీపూర్‌లో కూల్చిన ఒక పాత ఇంటి నుంచి నేను కొన్న బర్మా టేకు పలకలు పద్నాలుగూ 148 మిల్లీమీటర్ల వెడల్పువి. చిన్న చిత్రికతో రెండు బారులుగా పట్టాలి, నడుమ గీత మిగులుతుంది. పెద్దదానితో ఒక్క బారు చాలు. కాకపోతే అది 110 వోల్టుల యంత్రం. మన 230 వోల్టులను దించడానికి 13.5 కిలోల ట్రాన్స్‌ఫార్మర్ దాని వెంటే ఉండాలి.

మూడో పలక మీద ఉండగా చిత్రికలోంచి పొగ వచ్చింది. విప్పి చూస్తే ఆర్మేచర్, అంటే మోటారులో తిరిగే భాగం, కాలిపోయింది.

తయారీదారుకు ఉత్తరం రాస్తే పదిహేడో రోజున జవాబు వచ్చింది. ఈ నమూనా ఆగిపోయి చాలా కాలమైందనీ, సమీపంలోని అధీకృత సేవాకేంద్రాన్ని సంప్రదించమనీ దాని భావం. సాల్ట్ లేక్‌లో అలాంటి కేంద్రానికి వెళితే, అక్కడి కుర్రాడు యంత్రం మీది సంఖ్యను కంప్యూటరులో కొట్టి, ఈ యంత్రం ఈ దేశంలో అమ్మలేదు కనుక తమ లెక్క ప్రకారం ఇది లేదని చెప్పాడు. లేని యంత్రం అతని బల్ల మీద 8.6 కిలోల బరువుతో కూర్చుని ఉంది. ఆ మాట అంటూనే కొత్తదాని మీద తగ్గింపు కాగితం నా చేతిలో పెట్టాడు. పాతవాటికి విడిభాగాలు లేవనడం కొత్తవి అమ్ముకునే ఉపాయమని అప్పుడే నాకు అనుమానం కలిగింది. ఇప్పటికీ ఉంది.

తరువాత తైవాన్‌లోని ఒక ఆన్‌లైన్ అమ్మకందారు సరిగ్గా సరిపోతుందంటూ ఒక ఆర్మేచర్ అమ్మాడు. నలభై ఆరు రోజులకు, కస్టమ్స్ సుంకం కట్టిన తరువాత, అది చేరింది. ఇరుసు వ్యాసం 10 మిల్లీమీటర్లు ఉండవలసినచోట 12 ఉంది. నీ కొలతే తప్పు అని అతను రాశాడు. వెర్నియర్ కొలబద్దతో కొలుస్తున్న ఫోటో పంపాను. ఆపైన అతని నుంచి జవాబు లేదు. పెట్టె అతికించిన టేపు రెండు రంగుల్లో ఉండటం చూసి, దారిలో ఎవరో విప్పి మార్చారేమో అని కూడా ఆలోచించాను.

ఇక మిగిలింది కాలినదానికి కొత్త రాగి తీగ చుట్టించడం. బజారులో నాలుగు దుకాణాలు తిరిగాను. నలుగురూ వదిలి వెళ్ళమన్నారు. చుట్టేవాడి చేతిలో పాత రాగి పడితే అది ఎటు పోతుందో లెక్క ఉండదని విని ఉన్నాను కాబట్టి ఎవరి దగ్గరా వదలలేదు. చివరకు సాల్ట్ లేక్‌లో ఉండే ఒక తెలుగావిడ, తన గ్రైండరు మోటారు చుట్టి ఇచ్చాడంటూ, గ్రూపులో ఈ ఖిదిర్‌పూర్ ఆయన నెంబరు ఇచ్చారు.

ఆయనకు అరవై అయిదు దాకా ఉంటాయి. శ్రీకాకుళం తీరం నుంచి రేవు పనికి వచ్చిన కుటుంబం. పుట్టింది ఇక్కడే. ఓడల్లోంచి పాత సామానుగా దిగే మోటార్లు చుట్టి ఈ పని నేర్చుకున్నారు. ఇక్కడి భాషలో అన్న అనే అర్థంలో అందరూ దాదా అంటారు, నేనూ అలాగే పిలిచాను. నా మాట వినగానే తెలుగులోకి మారి, ఏ ఊరని అడిగి, టీ తెప్పించారు. పరాయి ఊళ్ళో మన భాష వినపడితే మనసు కరుగుతుందంటారు. నేను మాత్రం అలాంటప్పుడు జేబు తడుముకుంటాను. ఈ ఊళ్ళో నాకు ఇల్లు చూపించి రెండు నెలల అద్దె కమీషన్‌గా తీసుకున్నవాడు కూడా మనవాడే.

ఆయన ఎదురుగానే ఆర్మేచర్‌ను బయటికి తీసి తూచాను: 1,286 గ్రాములు. గీతలున్న భూతద్దంతో తీగ మందం కొలిచాను: 0.75 మిల్లీమీటర్లు. రెండూ నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఉక్కు భాగం మీద సూదితో నా గుర్తు గీస్తుంటే ఆయన వంగి చూశారు.

“గుర్తెట్టండి బాబూ, ఎట్టండి. పక్కన నానూ ఓటి ఎడతాను, మీరు మార్సీకుండా.”

నేను నవ్వలేదు. ఆయన నిజంగానే తన సూదితో నా గుర్తు పక్కన చిన్న నక్షత్రం గీశారు. కూలి 2,800, గడువు ఎనిమిది రోజులు, బయానా వెయ్యి. యంత్రాన్ని మొత్తంగా ఆయన దగ్గర వదిలి వచ్చాను. మరో దారి లేక వదిలాను.

అయిదో రోజున ఆయన నుంచి మూడు ఫోన్లు వచ్చాయి: 11:08, 11:11, 4:35. ఒక్కటీ ఎత్తలేదు. ఆ ఫోన్లు దేనికో నాకు తెలుసనుకున్నాను. పని సగంలో ఉండగా ఇంకేదో కూడా పోయిందని, మరో పదిహేను వందలు అవుతుందని చెప్పే ఫోన్లవి. ఎత్తకపోతే బేరం ఉండదు. ఎనిమిదో రోజున మిగిలిన 1,800 ఫోన్ ద్వారా పంపి, యంత్రాన్ని తేవడానికి బైకు మనిషిని పంపాను. ఎదురుపడి మాట్లాడితే మెత్తబడతానేమో అన్న జాగ్రత్త అది.

సంచి విప్పగానే మొదట కనిపించింది ప్లగ్గు. నా యంత్రానికి రెండు చదును కాళ్ళ తైవాన్ ప్లగ్గు ఉండేది. దాని స్థానంలో మన మూడు గుండ్రటి కాళ్ళ ప్లగ్గు ఉంది. ప్లగ్గు కూడా వదలలేదన్నమాట అనుకున్నాను. దాన్ని కత్తిరించి, నా దగ్గరున్న చదును ప్లగ్గు బిగించి, ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలించాను. మోటారు తిరిగింది, కానీ నీరసంగా. వేగం కొలిస్తే నిమిషానికి 7,100 చుట్లు. యంత్రానికి బిగించిన రేకు మీద రాసి ఉన్నది 15,000. టేకు మీద పెడితే అర మిల్లీమీటరు లోతుకే ఆగిపోయింది. విప్పి భూతద్దంతో చూశాను. తీగ మందం 0.52. నా గుర్తూ, నక్షత్రమూ అలాగే ఉన్నాయి. అంటే వస్తువును మార్చలేదు, తీగలోనే మోసం చేశాడు. 0.75 తీగతో పోలిస్తే 0.52 తీగ అడ్డుకోత వైశాల్యం వందకు నలభై ఎనిమిది వంతులు. సగానికి పైగా రాగి పోయిందని ఆ లెక్క చెప్పింది. సందేశం రాయడానికి పదిహేను నిమిషాలు పట్టింది.

దశాంశ బిందువు తరువాత రెండు అంకెలుంటే జనం నమ్ముతారు. నేనూ నమ్ముతాను. ఆ రాత్రి ఎనిమిదిలోపు అరవై ఒక్కమంది బొటనవేళ్ళు ఎత్తారు. మర్నాడే వెళ్ళి తమ గ్రైండర్లు వెనక్కి తెచ్చుకుంటామని ఇద్దరు రాశారు. సాల్ట్ లేక్ ఆవిడ ఒక్కరే, తమది మూడేళ్ళుగా బాగానే తిరుగుతోందని, తొందరపడవద్దని అన్నారు. ఒక్క గ్రైండరుతో ఏదీ రుజువు కాదని ఆవిడకు వివరంగా జవాబిచ్చాను. నా వివరణ ఆవిడ మాటకు ఆరు రెట్లు పొడవు ఉంది.

ఆదివారం ఉదయం వినియోగదారుల ఫోరానికి ఫిర్యాదు తయారు చేయడానికి కూర్చున్నాను. చోరీ అయిన రాగి ఎన్ని గ్రాములో అందులో రాయాలనిపించింది. అడ్డుకోత నుంచి లెక్కగట్టవచ్చు, కానీ తూకం ఉంటే ఎవరూ కాదనలేరు. ఆర్మేచర్‌ను తూచాను. 1,281 గ్రాములు.

తేడా అయిదు గ్రాములు. ముందుగా తక్కెడను అనుమానించాను. సోమవారం దాన్నీ ఆర్మేచర్‌నూ ఆఫీసుకు తీసుకెళ్ళి, మా ప్రయోగశాలలోని తక్కెడ మీద పెట్టాను. 1,281.4. ఆ తేడా వార్నిష్ పూతలో వచ్చేదే. రాగి ఎక్కడికీ పోలేదు. తీగ అడ్డుకోత సగమై బరువు మారలేదంటే పొడవు రెట్టింపయిందని అర్థం. పొడవు రెట్టింపయిందంటే చుట్లు రెట్టింపు. తక్కువ వోల్టులకు లావు తీగ, తక్కువ చుట్లు. ఎక్కువ వోల్టులకు సన్న తీగ, ఎక్కువ చుట్లు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చదువుకున్నది, ఎన్నోసార్లు ఇతరులకు చెప్పినది. ఆర్మేచర్ చుట్టూ కదలకుండా ఉండే కాయిల్‌ను అప్పటిదాకా విప్పి చూడనే లేదు. ఇంటికి వచ్చి చూస్తే అదీ కొత్తగా చుట్టినదే. ఆయన నా యంత్రాన్ని మన కరెంటుకు మార్చి ఇచ్చారు. మూడు కాళ్ళ ప్లగ్గు అందుకే పెట్టారు. దాన్ని కత్తిరించి, సగం వోల్టులిచ్చి, సగం వేగమే వస్తోందని 214 మందికి చాటింది నేను.

మూడు కాళ్ళ ప్లగ్గు మళ్ళీ బిగించి, నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించి కొలిచాను. 14,800.

మంగళవారం సెలవు పెట్టి ఖిదిర్‌పూర్ వెళ్ళాను. ఆయన ఓడ పంకా మోటారు ఒకటి చుడుతున్నారు. నన్ను చూసి చేతిలోని తీగ ఆపలేదు, చుట్లు లెక్కపెట్టడం పూర్తయ్యాకే అడిగారు.

“ఏటి బాబూ, మల్లీ కాలిపోనాదా?”

లేదని, బాగా తిరుగుతోందని చెప్పాను. వోల్టులు మార్చినట్టు నాకెందుకు చెప్పలేదని అడిగాను. అడుగుతుండగానే జవాబు నాకు తెలిసింది.

“మూడుమార్లు ఫోను సేసినాను. బయటి కాయిలు కూడా పోనాది, రెండూ సుట్టాలి, సుట్టీదేదో మన కరెంటుకే సుట్టీమంటారా అని అడుగుదామని. మీరు ఎత్తనేదు. ఆ ఇనప డబ్బా మోసుకు తిరగడమెందుకని సుట్టీసినాను.”

“మర్నాడు మళ్ళీ చేయవలసింది, దాదా.”

“సేస్తే ఎత్తీవోరేటి?”

సందేశం సంగతి నేనే ఎత్తాను. ఆయనకు అప్పటికే తెలుసు. శనివారం ఇద్దరు, ఆదివారం ఇద్దరు వచ్చి, బాగుచేయించకుండానే గ్రైండర్లు పట్టుకుపోయారట. వాళ్ళలో ఒకరు నిలబడి నా తొమ్మిది వరుసలూ చదివి వినిపించారట.

“బాగా రాసినారంట. లెక్కలు కూడా ఏసినారంట. నాకు సదువు రాదు గానీ, ఇన్నాను.”

తప్పు నాదని చెప్పి, గ్రూపులో సవరణ రాస్తానన్నాను. రాయమన్నారు. మొదటిది చదివిన వాళ్ళంతా రెండోది చదువుతారా అని అడిగారు. బయటి కాయిల్ కూలి తొమ్మిది వందలు, అవి మాత్రం ఇమ్మన్నారు. పదిహేను వందలు ఇస్తే ఆరు వందలు వెనక్కి లెక్కపెట్టి బల్ల మీద పెట్టారు. ఆ నోట్లను నేను తీసుకునేదాకా ఆయన పనికి తిరగలేదు.

“ఒకటి సెప్తాను, ఏటీ అనుకోకండి. ఈ మిసను మల్లీ పాడైతే నా కాడికి తేకండి. నాకు బయం బాబూ. మీరు మల్లీ కొలుస్తారు.”

ఆ సాయంత్రం 7 గంటల 5 నిమిషాలకు సవరణ పెట్టాను. పద్నాలుగు వరుసలు, కొలతలతో సహా. దాన్ని తెరిచి చూసినవారు 131 మంది. తొమ్మిది మంది దండం గుర్తు పెట్టారు. ఇంతకీ ఆయన దగ్గర ఇవ్వవచ్చా, వద్దా, ఒక్క మాటలో చెప్పండి అని ఒకరు అడిగారు. ఇవ్వవచ్చు అని రాశాను. తరువాత ఇంకెవరో అద్దె ఇంటి గురించి అడగడంతో గ్రూపు అటు మళ్ళింది. దాదా డబ్బిచ్చి నా నోరు మూయించి ఉంటాడని ఒకాయన నాకు విడిగా రాశాడు. అతని స్థానంలో నేనున్నా అదే అనుమానించేవాడిని.

పలకలు పద్నాలుగూ చిత్రిక పట్టడం పూర్తయింది. మొత్తం లెక్క ఇది. సరిపోని ఆర్మేచర్, రవాణాతో కలిపి: 9,400 రూపాయలు. సుంకం: 3,120. చుట్టిన కూలి: 2,800, 900. బైకు మనిషికి: 460. ఖిదిర్‌పూర్‌కు రెండుసార్లు రానూపోనూ కారు: 1,980. ప్లగ్గులు: 150. వెరసి 18,810 రూపాయలు. పనికిరాకుండా పోయినవి: ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, 12 మిల్లీమీటర్ల ఇరుసున్న ఆర్మేచర్ ఒకటి. ఈ నగరంలో ఈ చిత్రికను బాగుచేయగలవారిలో నాకు తెలిసినవారు: ఒకరు. ఇప్పుడు ఎవరూ లేరు. ఆయన దగ్గర నుంచి వెనక్కి పోయిన గ్రైండర్లు నాలుగు. తిరిగి చేరినది, నాకు తెలిసినంతవరకు, ఒకటి.