బురుజుపల్లి అరుగు

ఫిలింనగర్ కొండ మీద పుట్టినన్ని పల్లెలు ఏ ఏటి గట్టునా పుట్టి ఉండవు. పొద్దున మొలుస్తాయి, ప్యాకప్ అనగానే లారీ ఎక్కుతాయి. ఏ కాలంలోనో గుడి చెక్కిన శిల్పి పేరు మనకు తెలియదు గానీ, అతని రాయి ఉంది, పోయి తడిమి రావచ్చు. సెట్ల వడ్రంగి రవిచంద్రకు ఆ పాటి భాగ్యమూ లేదు. అతను ప్లైవుడ్డుతో నిలబెట్టిన వీధులన్నీ ముక్కలై గోదాములకు చేరాయి.

అతని భార్య జగదాంబ జూనియర్ ఆర్టిస్టు. కృష్ణానగర్‌లో చీకటితోనే బస్సెక్కి, ఎక్కడో దిగి, బిందె చంకన పెట్టుకుని హీరోయిన్ వెనక నడిచి, మళ్ళీ బస్సెక్కేది.

"ఎన్ని ఊళ్ళు తిరిగానో! ఒక్క ఊళ్ళోనూ కూర్చోలేదండీ" అనేది.

అప్పుడతను, ఎన్నో ఏళ్ళ కిందట షూటింగుకు వెళ్ళిన బురుజుపల్లి గురించి చెప్పేవాడు. కూలిన కోటగోడ, దాని కింద చెరువు, చెరువుకు ఎదురుగా చెక్కడపు స్తంభాల ఇల్లు, మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత అరుగు. "అక్కడ పడుకో, షాట్ రెడీ అని అరిచేవాడు ఉండడు." ఒంట్లో బాగోని రోజుల్లో ఆమె ఈ కథే మళ్ళీ చెప్పించుకునేది.

ఈ ఎండాకాలం డాక్టరు, ఆమె క్యాన్సర్ కాలేయానికి పాకిందనీ, ఇక నొప్పికి తప్ప మందు లేదనీ, ఎక్కడికైనా వెళ్ళాలనుంటే ఇప్పుడే వెళ్ళమనీ చెప్పాడు.

"బురుజుపల్లి" అంది జగదాంబ.

వెళ్ళి చూస్తే కోటగోడ ఉంది. చెరువు ఉంది. ఇల్లుండాల్సిన చోట తుమ్మచెట్లున్నాయి. అటుగా గడ్డిమోపుతో వస్తున్న భూలక్ష్మి అనే ఆ ఊరామెను రవిచంద్ర ఆ ఇంటి గురించి అడిగాడు.

"గా స్తంభాల ఇల్లా అన్నా? గది సినిమోళ్ళు ఏసిందే గద! షూటింగ్ కాంగనే పీక్కపోయిండ్రు. మా మేక అరుగెక్కితే కాలు లోపలికి దిగింది" అని ఫక్కున నవ్వింది.

ఆ ఇల్లు తాము కట్టిందేనని ఉలి పట్టిన చేతులకు అప్పుడు గుర్తొచ్చింది. చూసినవాళ్ళు నిజమని మోసపోతేనే ఈ పనికి పేరు. ఆ మోసపోయినవాళ్ళలో తానూ ఉంటానని అతనెన్నడూ అనుకోలేదు.

"మీరే కట్టారా?" అంది జగదాంబ.

"మర్చిపోయాను జగదా. ఒట్టు."

"బానే కట్టుంటారు లెండి. ఇన్నేళ్ళూ నేను అందులోనేగా ఉన్నాను."

ఆమె మొహం చూసి భూలక్ష్మి నవ్వు ఆపేసింది. "మా ఇంటికి రాండక్కా, మంచం ఏస్త. ఎన్ని దినాలుంటరో ఉండుండ్రి, కిరాయి గిరాయి అనకుండ్రి."

వేపచెట్టు నీడన నులకమంచం మీద జగదాంబ చెరువు వైపు తిరిగి పడుకుంది. వారం ఉందామని బట్టలు తెచ్చుకున్నారు. పొద్దు వాలకముందే నొప్పి లేచింది. మాత్ర వేసినా ఆగలేదు. "ఇంకాసేపు, ఇంకాసేపు" అంటూనే మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది. చివరికి భూలక్ష్మి భర్త జంగయ్య ఆటో తెచ్చాడు, ఆ రాత్రే పట్నానికి తిరిగొచ్చేశారు.

వానలు మొదలయ్యాక జగదాంబ పోయింది. ఆమెతో కలిసి బిందెలు మోసిన నాగేశ్వరి పలకరింపుకొచ్చి కళ్ళు తుడుచుకుంది.

"పోనీ, దాన్ని ఆ ఊరైనా తీసుకెళ్ళావా అన్నయ్యా?"

"తీసుకెళ్ళానమ్మా."

"ఎలా ఉంది? ఎప్పుడూ అదే చెప్పేది."

రవిచంద్ర ఏది ఊరిదో, ఏది తాను కట్టిందో మనసులో వేరు చేసుకున్నాడు.

"చెరువుంది" అన్నాడు.