జెనెబెచ్ మెడలోని నల్లదారం

మా చెల్లెలు హెనీ శుభ్రం చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆదివారం పని చెయ్యకూడదని ఆ రోజు తినాల్సిన సూపు శనివారమే వండేస్తుంది, పిల్లల బూట్లు తుడిచి గుమ్మం పక్కన వరుసగా పెడుతుంది. అమెరికాలో మా మిషిగన్ సరస్సు ఒడ్డున ఆడవాళ్ళందరం కాస్త అంతే గానీ, దానిది మరీ చాదస్తం. ఇంట్లో నాలుగు రొట్టెముక్కల పొడి రాలి ఉంటేనే మనుషులున్నట్టు ఉంటుందే అని దాని మొహానే అన్నాను. "నీ ఇంట్లో చీమలకి కూడా ఉద్యోగాలున్నాయక్కా" అంది. మాటకి మాట తగిలించడంలో నాకేం తీసిపోదు.

ఇద్దరు మగపిల్లల తర్వాత మూడో కాన్పు నిలవలేదు. ఒక ఆదివారం చర్చిలో అనాథ పిల్లల గురించి ప్రసంగం విని వచ్చి, ఒక ఆడపిల్లని పెంచుకుందామని మా మరిది గ్యారెట్‌ని అడిగింది. గ్యారెట్ తన బ్లూబెర్రీ తోట తప్ప లోకం తెలియని మనిషి. దేవుడు పంపుతానంటే వద్దనడానికి నేనెవర్ని అన్నాడు. అలా ఇథియోపియా నుంచి ఆరేళ్ళ జెనెబెచ్ వచ్చింది. తండ్రి జబ్బుతో, తల్లి ఈ పిల్లని కన్న పురిట్లోనే పోయారని దత్తత సంస్థవాళ్ళు చెప్పారు. మేం లిడియా అని పేరు పెట్టుకున్నాం. మాదంతా తెల్లవాళ్ళ ఊరు, కొందరు నోటికొచ్చినట్టు వాగారు. కొట్లో ఒకావిడ "సొంత పిల్లేనా?" అని ఆరా తీస్తే, "కాదండీ, అద్దెకి తెచ్చుకున్నాం" అంది హెనీ. ఆరోజు చెల్లెలి మీద నాకెంత ముద్దొచ్చిందో చెప్పలేను.

వచ్చిన రోజే పిల్లకి స్నానం చేయిస్తూ మెడలో ఒక నల్లదారం చూసింది. మాసి, జిడ్డు పట్టి ఉంది. మావాళ్ళకి తాయెత్తులంటే సైతాను పనే. ఇక హెనీ సంగతి చెప్పాలా, కత్తెర తెచ్చి టక్కున తెంపి చెత్తబుట్టలో పడేసింది. పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. నీళ్ళంటే భయం కాబోలనుకున్నాం.

నాలుగేళ్ళు హాయిగా గడిచాయి. పిల్ల హెనీని అమ్మా అంది, అన్నలతో జుట్లు పట్టుకుంది, గ్యారెట్ ట్రాక్టరెక్కి పెత్తనం చేసింది. పోయిన వసంతంలో మా ఊరి ఆసుపత్రికి త్సిగే అనే ఇథియోపియా నర్సు వచ్చింది. వాళ్ళ దేశపు చర్చి చుట్టుపక్కల లేదని మా చర్చికే వచ్చి మా బల్ల మీద కూర్చుంది. ప్రసంగం మొదలైందంటే మాలో పిప్పరమెంట్లు చేతులు మారతాయి. లిడియా ఆవిడకి ఒకటి ఇవ్వబోయి చెయ్యి ఆపేసింది. ఆవిడ మెడలో నల్లదారం ఉంది. పిల్ల దాన్ని వేలితో ముట్టుకుని, పాస్టరుగారు మాట్లాడుతుండగానే అంది:

"నాకూ ఉండేది. మా అమ్మ కట్టింది. ఈ అమ్మ తెంపేసింది."

ముందు బల్లలవాళ్ళు వెనక్కి తిరిగారు. హెనీ పాటల పుస్తకంలోకి తల దించేసుకుంది.

తర్వాత కాఫీల దగ్గర త్సిగే నెమ్మదిగానే చెప్పింది. అది తాయెత్తు కాదట, బాప్తిస్మం నాడు కట్టే దారమట, క్రీస్తు బిడ్డ అని గుర్తట. తెగినప్పుడల్లా తల్లి కొత్తది కడుతుందట. ఒకసారి బాప్తిస్మం అయినవాళ్ళకి మళ్ళీ ఇవ్వకూడదని బల్లగుద్ది చెప్పేది మా చర్చే. ఈ పిల్లకి వచ్చిన కొత్తలోనే మేళతాళాలతో ఇప్పించుకున్నాం. హెనీ మాత్రం వేరే దగ్గర ఆగిపోయింది. తల్లి పురిట్లోనే పోయింది కదండీ అంది. త్సిగే పిల్ల వైపు చూసింది. "మరి అమ్మ కట్టడం ఈ పిల్లకి ఎలా గుర్తుంది?"

ఆ ప్రశ్న మా చెల్లెల్ని నిలువునా తినేసింది. దత్తత సంస్థ ఎప్పుడో మూతపడిపోయింది. తవ్వొద్దని గ్యారెట్ బతిమాలాడు, "నువ్వైనా చెప్పు వదినా" అని నా మీద పెట్టాడు. నేనూ చెప్పాను. ఎవరు వినాలి? ఇథియోపియాలో ఉంటున్న త్సిగే వాళ్ళన్నయ్య, పాత దత్తత కాయితాల్లో ఉన్న పల్లెకి వెళ్ళి వాకబు చేశాడు. తల్లి అస్కలె బతికే ఉంది. మొగుడు పోయాక, పిల్లని చదివించి పంపిస్తామంటే నమ్మి వేలిముద్ర వేసిందట. వాళ్ళలో పిల్లని ఉన్నవాళ్ళింట్లో పెట్టడమంటే పెంచమనడమే, ఇచ్చెయ్యడం కాదు. ఏటా బడి సెలవులకి కూతురు వస్తుందని చూస్తూనే ఉందట.

హెనీ వంటింటి నేల మీద కూలబడిపోయింది. పంపుదామంటే, ఆ పిల్లకి ఇప్పుడు ఈ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు తెలియదు. ఉంచుకుందామంటే, అక్కడ కన్నతల్లి గుమ్మంలో కూర్చుని ఉంది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేద్దామన్నారు.

"ఏమని చెయ్యమంటారు? నాకు కావలసింది అడిగితే ఆవిడ కడుపు కొట్టమన్నట్టే కదండీ" అంది హెనీ.

ఆయన టోపీ తీసుకుని లేచారు. అడిగినా అడక్కపోయినా సలహా చెప్పే నేను వెళ్ళి దాని పక్కన నేల మీద కూర్చున్నాను. అక్కనై ఉండి ఇంకేం చెయ్యలేకపోయాను.

చివరికి ఒక నిశ్చయానికొచ్చింది. తల్లీకూతుళ్ళని మాట్లాడించాలి, ఆపైన ఆ తల్లి ఎలా అంటే అలా. పంపెయ్యమంటే పంపేస్తావా అని గ్యారెట్ అడిగాడు. పంపేస్తానంది. అని, స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పుకుంది. ఆ కుళాయి చాలాసేపు కట్టలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక త్సిగే ఫోను కలిపి బల్ల మీద పెట్టింది. అటునుంచి సన్నటి గొంతు, ఏడుస్తూ, నవ్వుతూ, ఆపకుండా ఏవేవో అడుగుతోంది. జెనెబెచ్ అన్న మాట ఒక్కటే మాకు తెలిసింది. పిల్ల ఫోను మీదికి వంగి ఒళ్ళంతా చెవులు చేసుకుని వింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆ భాష దాని నోట్లోంచి ఎప్పుడు జారిపోయిందో మాలో ఒక్కరమూ గమనించలేదు. మా మాట ఎంత ముద్దుగా వచ్చేసిందో అని మురిసిపోవడంతోనే సరిపోయింది. చివరికి బడిలో నేర్పినట్టు, మర్యాదగా, మా మాటలోనే అంది, "హలో, నేను లిడియాని. మీరు బాగున్నారా?"

అటు గొంతు తగ్గి ఏదో చిన్నగా అంది. త్సిగే మాకు చెప్పలేదు.

హెనీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "చెప్పమ్మా, ఏదైనా సరే. పంపెయ్యమంటోందా?"

త్సిగే తల అడ్డంగా ఊపింది.

"ఈ పిల్లెవరు, ఫోను నా కూతురికివ్వండి అంటోంది."