కళ్లంలో దిగిన మునుగుడుకోడి

"కాళ్లు విరిగినయ్ అవ్వా, కట్టు కట్టాల్సిందే."

"విరగలేదమ్మాయ్. నువ్వు కట్టు కడితే చచ్చిపోతుంది."

యాపలదిన్నిలో మా మేనకోడలి ఇంటికి వెళ్లినప్పుడు పక్కింటి ఈరమ్మతో నాకు పడిన తగువిది. సాయంత్రం వాన వెలిశాక, వాళ్ల కళ్లంలో పరిచిన టార్పాలిన్ పట్టా తడికి మెరుస్తుంటే, నీళ్లనుకుని ఓ మునుగుడుకోడి దిగింది. మళ్లీ లేవలేక రొమ్ము మీద పాకుతోంది.

"మస్తు మేకలకు కాళ్లు కట్టిన నేను. నువ్వేమన్న డాక్టరమ్మవా?" అంది ఈరమ్మ. పెద్దదాన్ని పట్టుకుని నువ్వనడం మా వైపు లేదు. అక్కడ అందరూ అంతేనట.

"చదివింది మూడో తరగతే. పుట్టింది మాత్రం కొల్లేటి ఒడ్డున. దీని కాళ్లు ఈదడానికే గాని నడవడానికి కాదు. నీళ్ల మీద పరుగెత్తితేనే పైకి లేస్తుంది" అన్నాను.

చీకటి పడింది. "పొద్దుగాల చూద్దాం. ఎగరకుంటే నా మాటే" అని, ఈరమ్మ రెండు బిందెల నీళ్లు తొట్టిలో పోసి దాన్ని అందులో వదిలింది. వాళ్లకు నీళ్లొచ్చేది రెండ్రోజులకోసారి. నేనైతే అన్ని పోసేదాన్ని కాదు.

మర్నాడు పొద్దున్నే దాన్ని గంపలో పెట్టుకుని ఇద్దరం ఊరవతల కుంటకి వెళ్లాం. వదలగానే బుడుంగున మునిగింది.

"సచ్చిపాయె!" అని ఈరమ్మ నెత్తి పట్టుకుంది.

అది అల్లంత దూరాన తేలి, నీళ్ల మీద టపటపా పరుగెత్తి, ఎగిరిపోయింది. ఇల్లు చేరేదాకా ఎదురైన ప్రతి మనిషికీ "ఈ అవ్వనే బతికిచ్చింది" అని ఈరమ్మ చెప్పింది. నేను కాదనలేదు.