సుమలత అడిగిన పిస్తోలు

ఖతర్‌లో ఉమ్ ఘువైలినా అనే పేటలో ఒక అపార్ట్‌మెంట్ బిల్డింగుకు మారుతి వాచ్‌మన్. విజిల్, టార్చిలైటు, ఇంత గొంతు, ఇవే అతని ఆయుధాలు. ఆ గొంతు మామూలుది కాదు. గేటు దగ్గర నిలబడి "కౌన్ హై!" అని ఒక్క కేక వేస్తే మేడ మీది పావురాలు లేచిపోతాయి, డెలివరీ వాళ్ళు బండి దిగకముందే సలాం కొడతారు.

ఇంతమంది తలుపులకు కాపలా కాసే ఈ మహానుభావుడి సొంత ఇంటికి మాత్రం కాపలా లేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరికే అన్నారా? జగిత్యాల దగ్గరి ఊళ్ళో భార్య సుమలత ఒక్కతే ఉంటుంది. కూతురు హాస్టల్లో చదువుతోంది. పగలంతా బీడీలు చుడుతూ, తోటి ఆడవాళ్ళతో పకపకా నవ్వే మనిషి, పొద్దుగూకితే చాలు తలుపు గడియ మాటిమాటికీ తడుముకుంటోంది. ఆ వాడలో దొంగలు పడ్డారు మరి. అప్పటినుంచీ ఆమెకు సరిగా నిద్ర లేదు.

ఒకనాడు ఫోన్లో తేల్చి చెప్పేసింది.

"ఏమయ్యో, ఈపారి లీవుకు వచ్చేటప్పుడు నాకు సెంటుసీసలొద్దు, చీరలొద్దు. ఓ చిన్న పిస్తోలు పట్కరా. బొడ్ల చెక్కుకునేటంతది. దుబాయ్‌ల దొరకనిదేముంటది?"

"ఇది దుబాయ్ కాదే, ఖతర్."

"ఏదైతేంది. జెర అగ్గువకు చూడు."

ఇంకొకడైతే నవ్వి ఊరుకునేవాడు. మారుతికి మాత్రం ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. కట్టుకున్నది అక్కడ బిక్కుబిక్కుమంటుంటే తను ఇక్కడ పరాయివాళ్ళ గేటు కాయడమేమిటి? ఇక డ్యూటీ దిగితే ఫోన్లో పిస్తోళ్ళ వీడియోలే. ఒకటి చవక, కానీ ఇటుక బరువు. ఒకటి తేలిక, కానీ పేలిస్తే మణికట్టు అదిరిపోతుందట. ఇంకొకటి నడుములో దోపుకుంటే కనపడనే కనపడదట, దాని ధర వింటే కళ్ళు తిరిగాయి. పెళ్ళిచూపుల్లో కూడా అతను అన్ని వంకలు పెట్టలేదు.

ఆ వీడియోలు రఫీక్ కంటపడ్డాయి. రఫీక్ అతని రూమ్మేటు, నిజామాబాదు మనిషి, ఎలక్ట్రీషియన్.

"అరె మారుతి భాయ్, దిమాగ్ ఉందా? మన లెక్కటోళ్ళకు ఈడ పిస్తోలు మాఫీ, దొరకనే దొరకది. ఆడ లైసెన్సు లేకుంట ఇంట్ల పెడితే, దొంగకంటె ముందుగాల భాబీనే పట్కపోతరు."

"లైసెన్సు తీస్త."

"తీసినవే అనుకో. ఏడ పెడ్తది? బీరువల తాళమేసి పెడితే, తాళం తీసేదాంక దొంగ ఆగుతడా? దిండు కింద పెడితే, బిడ్డ సెలవులకొచ్చి దిండు లేపితే?"

అన్ని వీడియోలు చూశాడు కానీ ఈ ప్రశ్న మారుతికి తట్టనే లేదు. అయినా ఆశ చావదు కదా! మర్నాడు బజారుకు పోయి, అచ్చం పిస్తోలులా ఉండే సిగరెట్ లైటర్ కొన్నాడు. పేల్చక్కర్లేదు, చూపిస్తే చాలు దొంగ పారిపోతాడని అతని లెక్క. రఫీక్‌కు తెలియకుండా దాన్ని తువ్వాలులో చుట్టి దాచాడు.

దాచడానికి చోటే దొరకనట్టు ఊరికి కట్టే పెట్టెలోకి పోయే తువ్వాలులో దాచాడు! సెలవు మీద పోయేది ఒక్కడైనా అట్టపెట్టె కట్టేది రూమంతా. ఒకడు సర్దుతాడు, ఒకడు మూత మీద కూర్చుంటాడు, ఒకడు తాడు బిగిస్తాడు, పేరు రాసేవాడు వేరే. ఆ పెట్టెలో రహస్యమనేది ఉండదు. శుక్రవారం పొద్దున రూములోని నేపాలీ వంటాయన తువ్వాలు మడతపెట్టబోతే పిస్తోలు టప్పున నేల మీద పడింది. అందరూ గోడలకు అతుక్కుపోయారు. అది లైటరని తెలిశాక పొట్టలు పట్టుకుని నవ్వారు.

రఫీక్ నవ్వలేదు. "ఎయిర్‌పోర్ట్ మిషన్ల ఇది పిస్తోలు లెక్కనే కనవడ్తది భాయ్. నిన్ను ఆడనే ఆపుతరు. భాబీ నీ తొవ్వ చూస్కుంట కూసుంటది."

మారుతి మంచం మీద కూలబడ్డాడు. "నాకు పిస్తోలెందుకురా రఫీక్? ఆమె కంటినిండ నిద్రపోవాలె, గంతే," అన్నాడు. అతని కళ్ళు తడిశాయి.

రఫీక్ చెప్పులేసుకుని బయటికి పోయి, అరచేతంత పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. ఎదురుగా మనిషి కదిలితే చాలు, రికార్డు చేసిన మాట వినిపించే పెట్టె. దుకాణాల గుమ్మాల్లో వచ్చేవాళ్ళకు స్వాగతం చెప్పేది ఇదే. దానికో పెద్ద స్పీకరు తగిలించాడు.

"తుపాకికంటె పెద్దది నీ దగ్గరనే ఉంది. మొత్తుకో, రికార్డు చేస్త!"

మారుతి గుండెనిండా గాలి పీల్చి "ఎవడ్రా అదీ!" అన్నాడు. వెంటనే వంటాయన నేపాలీలో గద్దించాడు, కేరళ డ్రైవరు మలయాళంలో తిట్టాడు, రఫీక్ దక్కనీలో "పకడో, పకడో!" అన్నాడు, మిగతావాళ్ళు అరబ్బీలో "యల్లా, యల్లా!" అని మంచాలు బాదారు. ఏం కొంప మునిగిందోనని పక్క రూముల వాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

సెలవులో మారుతి ఆ పెట్టెను ఇంటి గేటు లోపల బిగించి వచ్చాడు. ఖతర్ చేరాక కొన్నాళ్ళకు సుమలత ఫోన్ చేసింది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"ఎవడో గోడ దుంకిండయ్యా! మీరందరు ఒక్కపారే మొత్తుకునేసరికి చెప్పులిడిసి ఉరికిండు. వాడంత మనింట్ల పదిమంది మొగోళ్ళు దిగిండ్రనుకుంటున్నరు."

"అది సరేగని, నిద్ర వడ్తుందా?"

"మంచిగ వడ్తుంది. నువ్వు పిస్తోలు తెస్తె, దాన్ని పట్టుకొని నేనొక్కదాన్నే కూసుంటుంటి. గిప్పుడు మీరందరున్నరు. ఒక్కటే తిప్పలు, వాకిలి ఊడ్వ పోతె నన్ను సుత ఎవడ్రా అంటున్నవ్."

"అయితే పొద్దంత స్విచ్చు బంద్ చెయ్యరాదే?"

"నేను చెయ్య. నీ గొంతు ఇనవడ్తదని మాపటికి ఇంకోపారి ఊడుస్తున్న."