ఎడ్విన్ పిలిస్తే పలకని డబ్బాలు

ప్రొద్దుటూరులో మా ఇంటర్నెట్ కంపెనీలో ఎడ్విన్ చేసే ఉద్యోగం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. కుర్చీలోంచి లేవకుండా జమ్మలమడుగు, తొండూరు, పులివెందులలో ఉన్న మా సర్వర్లను కంప్యూటర్లోంచి పలకరిస్తుంటాడు. బాగున్నావా, వేడెక్కావా, బరువెక్కువైందా అని. జవాబొస్తే తెర మీద పచ్చచుక్క, రాకపోతే ఎర్రచుక్క. అయితే వాటిని ఒక రహస్యపు మాటతో పిలవాలి. మాట తప్పితే తప్పని కూడా చెప్పవు, నోరు మూసుకుని కూర్చుంటాయి.

ఆ మాట పెట్టింది ఎడ్వినే. ఇంగ్లీషు అక్షరాల్లో 'యాడుండావు'. భార్య మౌనికకు ఫోన్ చేస్తే వాడి నోట మొదట వచ్చేది అదే. ఆమె 'ఈడనే' అంటుంది. వాళ్ల కాపురంలో అంతకు మించిన సరసం నేనెప్పుడూ వినలేదు.

ఇట్లా ఉండగా కంపెనీ వాణ్ణి శిక్షణకని విజయవాడ పంపింది. అక్కడివాళ్లు వాడి మాట విని నవ్వారట. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, మావాడు ఆ ఊరి యాస అంటించుకుని దిగాడు. "ఏమండోయ్ మౌనికా, కాస్త మంచినీళ్లిస్తారా?" అంటే ఆమె మొదట పడీపడీ నవ్వింది. తర్వాత ఒళ్లు మండింది.

భాష బాగుచేసే ఊపులో వాడు ఆఫీసు కంప్యూటర్లో ఆ రహస్యపు మాటను కూడా 'ఎక్కడున్నావు' అని దిద్దాడు. సర్వర్లలోనూ దిద్దాలి కదా? అది దిద్దేలోపే మౌనిక బ్యాగు సర్దుతోందని ఇంటి నుంచి కబురొచ్చింది. పరుగెత్తాడు, నన్ను వెంటేసుకుని.

ఆమె వాడి వైపు చూడనైనా లేదు. "ఎవురో ఆఫీసరు నా ఇంట్లో తిరుగుతాండాడన్నా. నా మొగుడొచ్చినాక కబురు చెప్పు" అని నాతో అని, పులివెందులకు తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. ఎడ్విన్ ఫోన్ చేసి "ఎక్కడున్నావు?" అంటే అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇక రాదేమోనని వాడికి అన్నం సయించలేదు. నాకు జాలేసింది, నవ్వూ ఆగలేదు.

మరుసటి పొద్దున తెరంతా ఎర్రచుక్కలు. ఇద్దరం బండి మీద జమ్మలమడుగు పోయాం. అక్కడ మా సర్వరు గులాబ్‌బీ అనే ఆమె ఇంటి మేడ మీద ఉంటుంది.

"అమ్మా, ఇక్కడ కరెంటు సరఫరా సక్రమంగా ఉన్నదా అండీ?" అన్నాడు ఎడ్విన్.

గులాబ్‌బీ వాణ్ణి ఎగాదిగా చూసింది. "నీ డబ్బా శానా బాగుంది. ఇంట్లో అందరూ ఫోన్లు చూస్తానే ఉండారు. నీకేమైందప్పా, వార్తలు చదివినట్ల మాట్లాడతాండావు? పెండ్లాంతో గూడా ఇంతేనా?"

వాడు తల దించుకున్నాడు. "ఫోన్ చేస్తే పలకడం లేదండీ."

"యాడ పలుకుతాది? ఇంకెవురినో పిలుస్తాండావనుకోనుంటాది."

ఎడ్విన్‌కు తాను దిద్దిన రహస్యపు మాట గుర్తొచ్చింది. మెట్ల మీదే కూలబడి లాప్‌టాప్ తీసి పాత మాట కొట్టాడు. జమ్మలమడుగు పచ్చబడింది. తొండూరు, పులివెందుల కూడా పచ్చబడ్డాయి. అంతటితో సంబరపడాల్సింది, కానీ వాడు ఫోన్ తీసి మౌనిక పేరు మీద వేలు పెట్టి ఆగాడు. డబ్బాలంటే పాత మాటకు పలుకుతాయి, మనిషి పలకాలని ఏముంది?

"యాడుండావే?" అన్నాడు చివరికి.

 అటు నుంచి మౌనిక ముక్కు చీదుకుంది.

"నేను ఈడనే ఉండానులే. నువ్వే యాడికో పోయింటివి."