పొయ్యి మీద పెట్టమన్నది నేను

జ్వర పరీక్ష పెట్టెను పొయ్యి మీద పెట్టి పాడుచేసింది మా వదినే అని ఊళ్లో ఇప్పటికీ అంటారు. మా చెల్లి ఆవిడతో మాట్లాడదు. పెట్టింది వదినే. పెట్టమన్నది నేను. ఆ రెండో మాట ఎక్కడా లేదు కాబట్టి రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మలేరియా కిట్లు మా కొండ మీదికి వచ్చాయి. ఊరి ఆరోగ్య కార్యకర్త మా వదిన. వేలు పొడిచి, పట్టీ మీద చుక్క నెత్తురు వేస్తే పావుగంటలో ఫలితం. రెండు గీతలైతే మలేరియా, ఒకటైతే కాదు. ఏడో తరగతితో బడి మానేసినా, అరకు గ్రంథాలయంలో నేను చదవని పత్రిక లేదు. పట్టీకి పూసిన ప్రోటీను జబ్బు ఆనవాలును ఎలా పట్టుకుంటుందో వదినకు బొమ్మ గీసి చెప్పాను.

"అదంతా నాకెందుకు, పుస్తకాల మరిదీ! ఈ పెట్టి ఎక్కడెట్టాలో సెప్పు. వానకి గోడలే నానిపోతన్నాయి," అంది.

పెట్టె మీద ఎండ తగలకూడదని ఒక బొమ్మ, తడి తగలకూడదని ఒక బొమ్మ ఉన్నాయి. మా ఇళ్లలో ఆ రెండూ తగలని చోటు పొయ్యి పైన, చోడి, అంటే రాగి, విత్తనాలు దాచే సొరబుర్ర వేలాడదీసే చోటు. అక్కడే పెట్టమన్నాను.

నెల దాటాక, ఐదో నెల కడుపుతో ఉన్న మా చెల్లికి చలిజ్వరం వచ్చింది. వదిన పరీక్ష చేసింది. ఒకే గీత.

"అన్నా, ఒళ్లు ఇరిసేత్తంది. ఆసుపత్రికి దిగిపోదునా?"

"మలేరియా కాదే గుంటా. ఈ బురదలో దిగి ఏటి సేత్తావు? పడుకో."

మూడో నాటికి మాట పడిపోయింది. డోలీలో రోడ్డు దాకా మోశాం. అక్కడ ఒక జీపు ఆగి ఎక్కించుకుంది. ఆసుపత్రిలో గాజు పలక మీద నెత్తురు చూసిన లాబ్ ఆయన మలేరియానే అన్నాడు. చెల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. నాకు ఏడుపు రాలేదు. వరండాలో గోడ మీది పోస్టరు చివరిదాకా చదివాను. మళ్లీ మొదటినుంచి చదివాను.

తర్వాత మలేరియా ఆఫీసరు ఊరికి వచ్చి మసి పట్టిన పెట్టెను దింపించాడు. "వేడికి పాడైంది. ఎవరమ్మా ఇక్కడ పెట్టమన్నది?"

గుడ్డులో తెల్లసొన ప్రోటీనేనని, వేడికి మారిపోతుందని నేను ఎప్పుడో చదివాను.

వదిన నా వైపు చూడలేదు. "ఎవులూ అన్నేదు బాబూ. నానే ఎట్టినాను."

ఆవిడ పని పోయింది. ఇప్పుడు కాఫీ పళ్ల కోతకు వెళ్తోంది.

డోలీ మోసిన నలుగురికీ, జీపు ఆపిన డ్రైవరుకూ, లాబ్ ఆయనకూ నమస్కారాలు. వదినకు ఏమని చెప్పాలో తెలియదు. చెల్లికి చదువు రాదు. ఇది నేనే చదివి వినిపించాలి.